6174: ఒక బడిపంతులు కానుక

దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1905లో మహారాష్ట్రలోని డహాణూలో జన్మించారు. ఎనిమిదో ఏట తల్లిని పోగొట్టుకున్నారు. గుమాస్తాగా పనిచేసే తండ్రే పెంచారు. 1929లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి బి.ఎస్సీ. పట్టా పొంది, 1930 నుంచి 1962 దాకా నాసిక్ దగ్గరి దేవలాలీలో బడిపంతులుగా పనిచేశారు. పై పట్టాలు లేవు. అంకెలతో ఆయన ఆడే ఆటలను కొందరు పండితులు పిల్లచేష్టలని కొట్టిపారేశారు. ఆయన మానలేదు.

1949లో ఆయన ప్రకటించిన వింత ఇది. అన్నీ ఒకటే కాని నాలుగు అంకెలు తీసుకోండి. వాటితో ఏర్పడే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యను తీసివేయండి. వచ్చినదానితో మళ్ళీ అలాగే చేయండి. మూడంకెలే వస్తే ముందు సున్నా ఉంచండి. 3524తో మొదలుపెడితే 3087, 8352, ఆపైన 6174. ఎక్కడ మొదలెట్టినా ఏడు మెట్లకు మించకుండా అక్కడికే చేరతాం, ఇక కదలం.

రిటైరయ్యాక పింఛను చాలక ట్యూషన్లు చెప్పుకున్నారు. 1975లో మార్టిన్ గార్డనర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాశాకే ఆయన పేరు ప్రపంచమంతా తెలిసింది. 1986లో కన్నుమూశారు.

లెక్కలంటే జంకే పిల్లలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. ఈ రాత్రి వాళ్ళ పక్కన కూర్చుని, పుట్టిన సంవత్సరంతో ఈ ఆట మొదలుపెట్టించండి. మధ్యలో ఒక తీసివేత తప్పినా బెంగ లేదు. ఆపకుండా సాగిస్తే దాదాపు ఎప్పుడూ 6174కే చేరతారు. ఆ పంతులుగారు మన పిల్లలకు మిగిల్చిన ధైర్యం అదే.