అల్లూరి సీతారామరాజు

అల్లూరి సీతారామరాజు (1897 జూలై 4 - 1924 మే 7) విశాఖపట్నం, గోదావరి జిల్లాల మన్యం ప్రాంతంలో బ్రిటిషు ప్రభుత్వంపై సాయుధ పోరాటం నడిపిన విప్లవ వీరుడు. 1922 ఆగష్టు నుండి 1924 మే వరకు సాగిన ఈ పోరాటాన్ని మన్యం విప్లవమనీ, రంప తిరుగుబాటు అనీ అంటారు. సైన్యం గానీ, ఆయుధాగారం గానీ లేని రామరాజు తనకు కావలసిన తుపాకులను ప్రభుత్వ పోలీసు స్టేషన్ల నుండే సంపాదించాడు. ఈ పోరాటపు బలమూ, బలహీనత కూడా ఆ తుపాకుల తోనే ముడిపడి ఉన్నాయి.

బాల్యము, విద్యాభ్యాసము

సీతారామరాజు విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో, తల్లి పుట్టింట జన్మించాడు. తండ్రి వెంకటరామరాజు, తల్లి సూర్యనారాయణమ్మ. వారి స్వగ్రామం పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం సమీపంలోని మోగల్లు. ఇతనికి సీతమ్మ అనే చెల్లెలు, సత్యనారాయణరాజు అనే తమ్ముడు ఉన్నారు. తండ్రి ఛాయాచిత్రకారుడు. కుటుంబం రాజమండ్రిలో ఉండగా, 1908లో గోదావరి పుష్కరాల సమయంలో ప్రబలిన కలరా వలన తండ్రి మరణించాడు.

తండ్రి మరణంతో కుటుంబం కష్టాల పాలయింది. పినతండ్రి రామకృష్ణంరాజు వీరికి అండగా నిలిచాడు. తహసీల్దారుగా పనిచేసిన ఆయన వద్ద ఉండి రామరాజు నర్సాపురంలోని టైలరు ఉన్నత పాఠశాలలో చదివాడు. కాకినాడ పిఠాపురం రాజా పాఠశాలలో చదివేటప్పుడు మద్దూరి అన్నపూర్ణయ్య ఇతనికి సహాధ్యాయి. అన్నపూర్ణయ్య తరువాతి కాలంలో స్వాతంత్ర్య సమరయోధుడిగా, కాంగ్రెస్ పత్రిక సంపాదకుడిగా ప్రసిద్ధి చెందాడు. రామరాజు చదువు ఊళ్ళు మారుతూ తుని, విశాఖపట్నాల దాకా సాగినా పూర్తి కాలేదు. గుర్రపు స్వారీ, జ్యోతిషం, వైద్యం వంటి విషయాలపై అతడికి ఎక్కువ ఆసక్తి ఉండేది. దైవభక్తి కూడా చిన్ననాటి నుండే మెండు.

1916లో రామరాజు ఉత్తర భారత యాత్రకు బయలుదేరి, పుణ్యక్షేత్రాలు చూసుకుని తిరిగి వచ్చాడు. 1917లో విశాఖ మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరి అక్కడ స్థిరపడ్డాడు. సన్యాసి వేషంలో ఉంటూ మందులిచ్చి, సలహాలు చెప్పి గిరిజనులకు దగ్గరయ్యాడు.

మన్యం ప్రజల కష్టాలు

మన్యం ప్రజలకు పోడు వ్యవసాయం జీవనాధారం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు పైనా, అటవీ ఉత్పత్తుల సేకరణ పైనా ఆంక్షలు విధించింది. అంతకు ముందే, 1879లో, రంప ప్రాంతంలో పెద్ద తిరుగుబాటు జరిగింది. వీటికి తోడు రోడ్ల పనులలో గిరిజనుల చేత చాలీచాలని కూలికి వెట్టిచాకిరీ చేయించేవారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం - లంబసింగి రోడ్డు పనిలో చేసిన దౌర్జన్యాలు ప్రజలలో ఆగ్రహం రగిలించాయి. బట్టిపనుకుల గ్రామానికి చెందిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు ఇతని చేతిలో నష్టపోయినవారే. వారు రామరాజుకు ముఖ్య అనుచరులయ్యారు.

సహాయ నిరాకరణోద్యమ కాలంలో రామరాజు ఖద్దరు ధరించి, మద్యపాన నిషేధాన్ని ప్రచారం చేశాడు. తగవులను కోర్టులకు తీసుకుపోకుండా పంచాయితీలలో తీర్చుకోవాలని బోధించాడు. ప్రభుత్వానికి అనుమానం కలిగి అతడిపై నిఘా ఉంచింది. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ మాత్రం అతడి పట్ల సానుభూతి చూపాడు. మద్యపాన నిషేధం, పంచాయితీల విషయంలో కాంగ్రెసు బాటలోనే నడిచినా, అహింస ద్వారా స్వరాజ్యం రాదన్న నిర్ణయానికి రామరాజు క్రమంగా వచ్చాడు.

ఆయుధాల సమస్య

పోరాటానికి సిద్ధపడిన రామరాజుకు ఎదురైన మొదటి ప్రశ్న ఆయుధాలది. 1878 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే భారతీయులు తుపాకి ఉంచుకోరాదు. గిరిజనుల వద్ద విల్లంబులు, కత్తులు, బల్లేలు, వేటకు వాడే కొద్దిపాటి నాటు తుపాకులు ఉండేవి. నాటు తుపాకికి గొట్టం మూతి నుండి మందు, గుండు వేసి కూరాలి. ఒకసారి పేల్చాక మళ్ళీ సిద్ధం చేయడానికి చాలా సేపు పడుతుంది. వాన తడికి మందు పాడవుతుంది. వేటలో ఇది పెద్ద లోపం కాకపోవచ్చు గానీ, శిక్షణ పొందిన పోలీసులతో పోరులో ప్రాణాంతకం.

పోలీసు స్టేషన్లలో ఉండే కార్బైన్ మస్కెట్లు వీటికంటే మెరుగైనవి. వీటిలో మందు, గుండు కలిసి ఉన్న తూటాను వెనుక భాగం నుండి పెడతారు. అందువలన త్వరగా పేల్చవచ్చు. అయితే ఒక కొలతకు చేసిన తూటా మరో కొలత తుపాకికి పనికిరాదు. అడవిలో తూటాలు తయారు చేసుకునే వీలు కూడా లేదు. ఈ కారణాల వలన తుపాకులను, వాటికి సరిపోయే తూటాలను ఒకేచోట నుండి సంపాదించవలసి ఉంది. అవి రెండూ కలిసి దొరికే చోటు పోలీసు స్టేషను. బయటి సహాయం కోసం ఎదురుచూడకుండా రామరాజు తన మొదటి దాడులకు స్టేషన్లనే ఎంచుకున్నాడు.

మూడు రోజులు, మూడు స్టేషన్లు

1922 ఆగష్టు 22న రామరాజు సుమారు 300 మంది అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేశాడు. అక్కడ 11 తుపాకులు, 1390 తూటాలు, కొన్ని కత్తులు, బాయొనెట్లు లభించాయి. మరునాడు, ఆగష్టు 23న, కృష్ణదేవిపేట స్టేషనుపై దాడి జరిగింది. ఇక్కడ 7 తుపాకులు చిక్కాయి. ఆగష్టు 24న రాజవొమ్మంగి స్టేషనును పట్టుకుని 8 తుపాకులు, 825 తూటాలు తీసుకున్నారు. అక్కడ బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు.

మూడు దాడులలో కలిపి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు సమకూరాయి. అంటే తుపాకి ఒక్కింటికి సుమారు నూరు తూటాలు. కొద్దిపాటి పోరులకు ఇది చాలును గానీ, దీర్ఘకాల యుద్ధానికి చాలదు. తాను ఏమేమి తీసుకున్నదీ స్టేషను రికార్డులో రాసి, సంతకం చేసి వెళ్ళడం రామరాజు పద్ధతి. దొంగతనంగా కాక, బహిరంగంగా ప్రభుత్వాన్ని ధిక్కరించి తీసుకున్నానని చెప్పడమే దీని ఉద్దేశం. ముందుగా హెచ్చరిస్తూ పంపే లేఖలకు మిరపకాయలు కట్టేవారు. అందుచేత అవి మిరపకాయ టపాలుగా పేరుపొందాయి.

దామనపల్లి ఘాట్

తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం పోలీసు దళాలను మన్యంలోకి పంపింది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డు, నెవిల్లీ హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారుల నాయకత్వంలో ఒక దళం వస్తుండగా రామరాజు అనుచరులు పొదల చాటున పొంచి ఉన్నారు. ముందు నడుస్తున్న భారతీయ సిబ్బందిని పోనిచ్చి, అధికారులిద్దరినీ గురిచూసి కాల్చారు. ఇద్దరూ అక్కడికక్కడే మరణించారు. భారతీయులకు హాని చేయరాదన్నది రామరాజు నియమం. ఇరుకైన కొండదారి, దగ్గర నుండి కాల్పులు, పరిమితమైన తూటాలు - ఈ మూడింటికీ తగిన యుద్ధ పద్ధతి ఇది.

ఖాళీ స్టేషన్లు

ఈ విజయం తరువాత ప్రభుత్వం జాగ్రత్త పడింది. స్టేషన్లలోని ఆయుధాలను ముందుగానే తరలించసాగింది. 1922 అక్టోబరు 15న రామరాజు ముందుగా తెలియజేసి అడ్డతీగల స్టేషనుకు వచ్చాడు. అక్కడ అతడికి ఆయుధాలు దొరకలేదు. అక్టోబరు 19న రంపచోడవరంలోనూ ఇదే జరిగింది. రెండుచోట్లా ప్రజలు అతడిని చూడడానికి తరలివచ్చారు. ప్రజాదరణ పెరిగింది గానీ తూటాల సంఖ్య పెరగలేదు. ముందుగా చెప్పి రావడం అతడి కీర్తిని పెంచింది. ఆయుధాలు దాచడానికి ప్రభుత్వానికి వ్యవధినీ ఇచ్చింది.

పెదగడ్డపాలెం

మలబారు తిరుగుబాటును అణచడంలో అనుభవం గల మలబారు స్పెషల్ పోలీసు దళాన్ని ప్రభుత్వం మన్యానికి రప్పించింది. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేల వద్ద జరిగిన పోరులో రామరాజు అనుచరులు నలుగురు మరణించారు. ఆ రాత్రి జరిగిన మరో పోరులో ఎనిమిది మంది చనిపోయారు. ఒకే రోజులో పన్నెండు మందిని కోల్పోవడం దళానికి పెద్ద దెబ్బ. కొండదారిలో పనికివచ్చిన మస్కెట్లు, బయలు ప్రదేశంలో దూరం నుండి వేగంగా కాల్చగల ఆయుధాల ముందు నిలువలేకపోయాయి. ఆ తరువాత సుమారు నాలుగు నెలల పాటు రామరాజు జాడ తెలియలేదు. అతడిని పట్టి ఇచ్చిన వారికి 10,000 రూపాయలు, గంటందొర, మల్లుదొరలకు చెరి 1,000 రూపాయల చొప్పున బహుమతి ప్రకటించారు.

అన్నవరం సందర్శన

1923 ఏప్రిల్ 17న రామరాజు అన్నవరంలో ప్రత్యక్షమయ్యాడు. కొండపై సత్యనారాయణస్వామిని దర్శించుకున్నాడు. అక్కడ చెరుకూరి నరసింహమూర్తి అనే వ్యక్తి అతడితో మాట్లాడాడు. ఈ సంభాషణ పత్రికలో ప్రచురితమైంది. త్వరలోనే స్వరాజ్యం వస్తుందని రామరాజు ఆశాభావం వెలిబుచ్చాడు. తనకు మనుషుల కొరత లేదనీ, కొరతంతా మందుగుండు సామాగ్రికేననీ తెలిపాడు. తిరుగుబాటు అసలు ఇబ్బంది ఏమిటో దాని నాయకుడే వెల్లడించిన సందర్భమిది.

చివరి దశ

1923 సెప్టెంబరులో మల్లుదొర పోలీసులకు దొరికిపోయాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్సు దళాలు మన్యానికి వచ్చాయి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డు ప్రత్యేకాధికారిగా నియమితుడయ్యాడు. గ్రామాలపై కాపలా పెరగడంతో విప్లవకారులకు తిండి దొరకడం కూడా కష్టమైంది. గ్రామస్థులు నానా బాధలు పడ్డారు. మే 6న జరిగిన పోరులో, అగ్గిరాజుగా పేరుపొందిన వేగిరాజు సత్యనారాయణరాజు గాయపడి పట్టుబడ్డాడు. ఇతడు భీమవరం ప్రాంతంలోని కుముదవల్లికి చెందినవాడు. తరువాత ఇతడిని అండమాను జైలుకు పంపారు.

1924 మే 7న మంప గ్రామం వద్ద రామరాజును పట్టుకుని కొయ్యూరుకు తీసుకువెళ్ళారు. అక్కడ మేజర్ గూడాల్ విచారణ ఏదీ లేకుండానే అతడిని చెట్టుకు కట్టించి కాల్పించాడు. అప్పటికి రామరాజు వయసు 27 సంవత్సరాలు నిండలేదు. భౌతికకాయాన్ని కృష్ణదేవిపేటకు తరలించి, మే 8న దహనం చేశారు. జూన్ 7న గంటందొర కూడా పోరులో మరణించడంతో తిరుగుబాటు ముగిసింది. మల్లుదొరకు విధించిన మరణశిక్షను తగ్గించి అండమానుకు పంపారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952 ఎన్నికలలో అతడు విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

స్మారక చిహ్నాలు

* కృష్ణదేవిపేటలో రామరాజు సమాధి ఉంది.
* 1974లో కృష్ణ కథానాయకుడిగా అల్లూరి సీతారామరాజు చలనచిత్రం విడుదలయింది.
* 1986లో భారత తపాలా శాఖ రామరాజు స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.
* 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది.
* 2022 జూలై 4న, 125వ జయంతి సందర్భంగా, ప్రధానమంత్రి నరేంద్ర మోడీ భీమవరంలో 30 అడుగుల కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించాడు.