పగడపు దీవుల గుట్టు

చార్లెస్ డార్విన్ ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో 1809 ఫిబ్రవరి 12న జన్మించాడు. తండ్రి పేరుగన్న వైద్యుడు. కొడుకును కూడా వైద్యుణ్ణి చేయాలని ఎడింబరోకు పంపాడు. ఆ రోజుల్లో మత్తుమందు లేకుండానే శస్త్రచికిత్సలు చేసేవారు. రోగుల బాధ చూడలేక డార్విన్ ఆ చదువు మానేశాడు. తరువాత కేంబ్రిడ్జిలో చేరాడు. కాని అతని మనసంతా పురుగుల మీద, మొక్కల మీద, రాళ్ళ మీద ఉండేది.

1831 డిసెంబరులో బీగిల్ అనే ఓడ ప్రపంచయాత్రకు బయలుదేరింది. డార్విన్ వెళ్ళడానికి తండ్రి మొదట ఒప్పుకోలేదు. మేనమామ నచ్చజెప్పిన తరువాత సరేనన్నాడు.

వెచ్చని సముద్రాల నడుమ ఉంగరంలాంటి దీవులు ఉంటాయి. అవి పగడపు జీవుల కట్టడాలు. ఈ చిన్న ప్రాణులు ఉప్పునీటిలోని సున్నాన్ని గ్రహించి గట్టి గూళ్ళు కట్టుకుంటాయి. దిబ్బలు కట్టే పగడాలు చల్లని నీటిలో బతకలేవు. మంచినీరు, బురద వాటికి పడవు. వెలుతురు అందని లోతుల్లో పెరగలేవు. మరి అంతులేని లోతుగల సముద్రం మధ్య ఈ దీవులు ఎలా ఏర్పడ్డాయి? మునిగిన అగ్నిపర్వతాల అంచులపై పెరిగాయని అప్పటి పండితులు భావించేవారు. అన్ని పర్వతాలూ ఒకే ఎత్తున నీటి అడుగున నిలిచాయంటే డార్విన్ నమ్మలేకపోయాడు.

1835 ఫిబ్రవరిలో చిలీ దేశంలో పెద్ద భూకంపం వచ్చింది. తీరం కొన్ని అడుగులు పైకి లేవడం అతడు గమనించాడు. ఒకచోట నేల లేస్తే మరొకచోట కుంగుతుందని ఊహించాడు. దీవి మెల్లగా కుంగుతుంటే చుట్టూ ఉన్న పగడాలు వెలుతురు కోసం పైకి పెరుగుతాయి. చచ్చిన వాటి గూళ్ళే కొత్తవాటికి పునాది. చివరకు కొండ మునిగిపోతుంది. పగడపు వలయం, దాని నడుమ మడుగు మిగులుతాయి. ఈ ఊహ కలిగేనాటికి అతడు పగడపు దిబ్బను కళ్ళారా చూడనేలేదు!

1836 ఏప్రిల్‌లో బీగిల్ హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులకు చేరింది. సీసపు గుండుకు కొవ్వు పూసి, తాడుతో నీటిలోకి దించారు. తక్కువ లోతులో కొవ్వుపై బతికిన పగడాల గుర్తులు పడ్డాయి. లోతు పెరిగేకొద్దీ ఇసుక మాత్రమే అంటుకుంది. మరికొంత దూరంలో 7,200 అడుగుల తాడుకు కూడా అడుగు తగలలేదు. డార్విన్ ఊహకు బలం చేకూరింది.

1842లో అతడు పగడపు దిబ్బలపై గ్రంథం ప్రచురించాడు. కొందరు శాస్త్రజ్ఞులు అంగీకరించలేదు. ఎవరైనా ఒక పగడపు దీవిని లోతుగా తవ్వి చూస్తే బాగుండునని డార్విన్ కోరుకున్నాడు. ఆ కోరిక తీరకుండానే 1882 ఏప్రిల్ 19న కన్నుమూశాడు.

1896-98లో పసిఫిక్‌లోని ఫునాఫుటి దీవిలో సుమారు 340 మీటర్లు తవ్వినా పునాది రాయి తగలలేదు. 1952లో ఎనెవెటాక్ దీవిలో 1,200 మీటర్లకు పైగా సున్నపురాయిని తొలిచాక అగ్నిపర్వతపు రాయి బయటపడింది. గ్రంథం వెలువడిన 110 ఏళ్ళకు డార్విన్ మాట నిజమని తేలింది.

పగడాలకు వెలుతురు ఎందుకు కావాలో తరువాతివారు కనుగొన్నారు. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు ఎండతో ఆహారం తయారుచేసి పెడుతుంది. నీరు మితిమీరి వేడెక్కితే ఆ నాచు వెళ్ళిపోతుంది. పగడం తెల్లగా పాలిపోతుంది. 1998లో మన లక్షద్వీపాల్లో ఇలాగే ఎన్నో పగడాలు నశించాయి. నేల మెల్లగా కుంగితే తరతరాలుగా పైకి పెరిగి బతికిన జీవులివి. త్వరత్వరగా పెరిగే వేడికి తట్టుకునే వ్యవధి మాత్రం వాటికి దొరకడం లేదు.