ఎబెనేజరు బటరిక్ : కొలతల నమూనాలను ఇంటింటికి పంపిన దర్జీ

మన నగరమున అమీరుపేట వీథులలో నడచువారు అచ్చటి గుడ్డల దుకాణములను చూడక పోలేరు. మెట్రో రైలులో దాని ప్రక్క స్టేషనగు పంజాగుట్టయందును పెద్ద వస్త్రాలయములు గలవు. పండుగ సమీపింపగా తల్లులు అచ్చట రెండు మీటర్ల గుడ్డ కొని తెచ్చి, కుమార్తెకు ఇంటనే గౌను కుట్టబూనుదురు. మిషను సిద్ధము, దారము సిద్ధము. కాని కత్తెర పట్టగనే చేయి వణకును. ఏలయనగా తప్పుగా కుట్టినదానిని విప్పి మరల కుట్టవచ్చును. తప్పుగా కత్తిరించిన గుడ్డ మరల మొదటి గుడ్డ కాజాలదు. లక్షలకొలది యిండ్లలో ఈ భయమును తగ్గించిన యొక దర్జీ చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా చెప్పదలచితిమి.

ఎబెనేజరు బటరిక్ 1826వ సంవత్సరము మే నెల 29వ తేదీన, అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున స్టెర్లింగు అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి వడ్రంగి. కుమారుడు దర్జీపని నేర్చి, చొక్కాలు కుట్టుచు జీవించుచుండెను. ఎలెన్ పొల్లార్డు అను నామె యతని భార్య.

ఆ కాలమున కాగితపు నమూనాలు బొత్తిగా లేకపోలేదు. న్యూయార్కు నగరమున డెమొరెస్టు దొరసాని యప్పటికే యట్టివానిని అమ్ముచుండెను. కాని యొక్కొక్క నమూనా సాధారణముగా ఒక్క కొలతకే దొరకెడిది. దానిని తమ బిడ్డ శరీరమునకు తగినట్లు పెంచుటయో తగ్గించుటయో కొన్నవారి పని. అది సులభము కాదు. ఛాతి 2 అంగుళములు పెరిగినంత మాత్రమున మెడయు 2 అంగుళములు పెరుగదు. ముందు భాగమును వెనుక భాగమును మడతపై కత్తిరించునప్పుడు ఛాతి నాలుగు పాళ్లగును గనుక, ఒక్కొక్క పాలికి అర అంగుళమే చేర్చవలెను. చంక లెక్క వేరు; పొడవు లెక్క వేరు. ఈ లెక్కలు దర్జీ యెరుగును గాని ఇల్లాండ్రందరు నెరుగరు.

1863వ సంవత్సరపు చలికాలమున జరిగినదిగా ఒక సంగతి చెప్పుదురు. ఎలెన్ తన పసికుమారునికి నీలి గళ్ల నూలుగుడ్డతో దుస్తు కుట్టదలచి, భోజనపు బల్లపై గుడ్డ పరచి, సుద్దతో గీతలు గీయుచు విసిగి, బిడ్డ కొలతకు సరిపోవు నమూనా యుండిన నెంత మేలగునని భర్తతో ననెనట. ఇల్లాలి విసుగని యతడు దానిని త్రోసివేయలేదు. ఒకే దుస్తును పెక్కు కొలతలలో గీసి, మొదట దళసరి కాగితముపై కత్తిరించి చూచెను. అది మడిచి పంపుటకు అనువుగా లేకపోవుటచే పలుచని కాగితమును పట్టెను. ఇంటివారే కత్తిరించి మడతలు పెట్టిరి. ఆ సంవత్సరముననే అమ్మకము మొదలయ్యెను. ఇటలీ దేశభక్తుడగు గారిబాల్డీ పేర వెలసిన బాలుర దుస్తుల నమూనాలను తల్లులు విశేషముగా కొనిరి.

అప్పటికి కుట్టుమిషనులు ఇండ్లలో ప్రవేశించుచుండెను. సింగరు తన మిషనునకు పేటెంటు పొందినది 1851లో. మిషను త్వరగా కుట్టును గాని యెచ్చట కత్తిరింపవలెనో చెప్పదు. ఆ కొరతను బటరిక్ తీర్చెను. అతడు వ్యాపారమును న్యూయార్కునకు మార్చి, 1866లో స్త్రీల దుస్తుల నమూనాలు వెలువరించి, 1867లో ఇద్దరు భాగస్వాములతో సంఘమును స్థాపించెను. 1871లో అరువది లక్షల నమూనాలు అమ్ముడుపోయినవందురు. 1873లో డెలినియేటరు అను మాసపత్రిక వెలువడెను. లండను, పారిసు నగరములందును శాఖలు వెలసెను. 1903వ సంవత్సరము మార్చి 31వ తేదీన బ్రూక్లినులో అతడు మరణించెను. అతని పేరు మాత్రము నమూనాలపై నిలిచియుండెను.

ఒకమారు మా కుట్టు తరగతిలో నొక బాలిక, నమూనా కవరుపై వయస్సు మాత్రమే చూచి గుడ్డ కత్తిరించెను. గౌను భుజములు దాటి దిగలేదు. తండ్రి కష్టార్జితముతో కొన్న గుడ్డ యగుటచే ఆమె మిక్కిలి దుఃఖించెను. బటరిక్ పెక్కు కొలతలిచ్చెను గాని, మన బిడ్డ కొలత యేదో మనమే తెలిసికొనవలెను. ముందు టేపుతో ఛాతి, నడుము, పొడవు కొలిచి కవరుమీది పట్టికతో పోల్చవలెను. నమూనాపై బాణపు గీతను గుడ్డ నిలువు అంచునకు సమముగా నుంచవలెను. కుట్టునకై అంచు విడువబడినదో లేదో చూడవలెను. సందేహమున్నచో పాత దుప్పటిపై కత్తిరించి, టాకాలు వేసి, తొడిగి చూడవలెను.

బాలబాలికలారా! ఈ దర్జీ గొప్పతనము కత్తెరలో మాత్రమే లేదు. ఇంటిలోని యలసిన మనిషి మాటను శ్రద్ధతో వినుటలో నున్నది. మీ తల్లి గుడ్డ పరచుకొని కూర్చున్నప్పుడు, టేపు రెండవ కొనను మీరు పట్టుకొనుడు.