గీతలో నిలిచిన రూపము: దామెర్ల రామారావు

మంచిర్యాల చెంత బొగ్గుగనుల సీమను ఒరసికొని సాగు గోదావరి, పాపికొండలను దాటి, రాజమహేంద్రవరమున విశాలమై దర్శనమిచ్చును. ఆ తీరముననే 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన దామెర్ల రామారావు జన్మించెను. ఆధునికాంధ్ర చిత్రకళకు బాట వేసిన వారిలో నతడు ముఖ్యుడు. కాని అతని జీవితము ఇరువది యెనిమిదేండ్లయినను నిండలేదు.

రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు ఆనాడు ప్రధానాచార్యుడు ఆస్వల్డ్ కూల్డ్రే. ఆయన స్వయముగా కవి, చిత్రకారుడు. అడవి బాపిరాజును తీర్చిదిద్దిన గురువు కూడ ఆయనయే. రామారావు చేతిలోని నేర్పును కూల్డ్రే గుర్తించెను, అజంతా చిత్రములను చూపించెను, బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలలో చదువుటకు తోడ్పడెను.

బొంబాయిలో రామారావు మానవదేహ నిర్మాణమును శ్రద్ధతో అభ్యసించెను. భుజము వాలినపుడు నడుమెట్లు తిరుగునో, బరువు ఒక పాదముపై మోపినపుడు మేనెట్లు వంగునో ఎరిగిన చేతికే లభించు సౌకుమార్యము అతని చిత్రములందు కనిపించును. వంగదేశ చిత్రకళా సంప్రదాయము దేశమంతటిని ఆకర్షించుచున్న కాలమది. రామారావు దానిని అనుకరింపలేదు. అజంతా రేఖను, బొంబాయి చదువును, తెలుగు స్త్రీల కట్టుబొట్టులను ఒకచోట చేర్చి తనదైన మార్గమును ఏర్పరచుకొనెను.

అతని చిత్రములలో ‘ఋష్యశృంగ బంధనము’ ప్రసిద్ధము. పుట్టినది మొదలు స్త్రీని చూచి యెరుగని మునికుమారుడు వారాంగనలకు వశుడగు కథ యది. మనస్సు ఇది యేమని తెలిసికొనకమునుపే దేహము చలించు క్షణమును పట్టుటకు చిత్రకారుడు పూనుకొనెను. కలకత్తా ప్రదర్శనమున దానికి వైస్రాయి బహుమానము లభించినది. 1924లో వెంబ్లీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనమున కూడ అతని చిత్రములకు స్థానము దొరకెను.

కీర్తి వచ్చినను రామారావు స్వస్థలమును విడువలేదు. వరద వెంకటరత్నము మొదలగు మిత్రులతో కలిసి రాజమహేంద్రవరముననే చిత్రకళాశాలను నెలకొల్పి యువకులకు శిక్షణ నిచ్చెను. అతని భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టినవారే.

ఇట్లుండగా మశూచికము సోకినది. 1925 ఫిబ్రవరి 6న రామారావు మరణించెను. ఆ వ్యాధికి టీకా వెలసి అప్పటికే నూరేండ్లు దాటినది; లోకమునుండి అది పూర్తిగా తొలగినదని ప్రకటించుటకు 1980 వరకు వేచియుండవలసి వచ్చెను. మేని సొగసును అంత సూక్ష్మముగా ఎరిగిన కళాకారుని, ఆ మేనినే వికృతము చేయు వ్యాధి కబళించినది.

నీటిరంగుల చిత్రము మిక్కిలి సుకుమారము. వెలుతురు సోకినచో రంగు వెలయును. తేమ తగిలినచో కాగితము చెడును. పురుగు పట్టినచో రూపమే నశించును. కర్త పోయిన పిదప ఇట్టివి చెల్లాచెదరగుట వాడుక. రామారావు కృతులకు ఆ గతి పట్టలేదు. సత్యవాణియు, వెంకటరత్నము మొదలగు మిత్రులును వానిని కాపాడిరి; కళాశాలను నిలిపిరి. రాజమహేంద్రవరమున రామారావు పేర వెలసిన చిత్రశాల వారి దీక్షకు ఫలము.

కళాకారుని దేహమువలెనే అతని కాగితమును దుర్బలము. దానికి ఆయువు పోయునది ఇతరుల శ్రద్ధ. బాలుని గీతను గుర్తించిన గురువు, గీచినదానిని భద్రపరచిన ఇల్లాలు, చెలిమిని మరువని మిత్రుడు లేకున్నచో, రామారావు పేరు గోదావరి నీటిపై వ్రాసిన వ్రాతయై యుండెడిది.