ఇంటి భాషలో పుస్తకాలు రాయించిన రాజు

పిల్లలూ, మీరు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు కదా! ఇంగ్లీషేమో పుస్తకాల భాష, తెలుగేమో ఇంట్లో మాట్లాడుకునే భాష అని మీలో కొందరికి అనిపిస్తూ ఉంటుంది. కానీ ఒకప్పుడు ఇంగ్లీషు పరిస్థితి కూడా ఇలాగే ఉండేది, తెలుసా? ఇళ్ళల్లో, పొలాల్లో, సంతల్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడేవాళ్ళు. పెద్ద చదువులు మాత్రం లాటిన్‌లో ఉండేవి. లాటిన్ రాకపోతే ఆ పుస్తకాలు తెరిచినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. దాన్ని మార్చాలనుకున్న రాజు పేరు ఆల్ఫ్రెడ్. ఈ పాఠంలో అతని కథ తెలుసుకుందాం.

పుస్తకం గెలుచుకున్న పిల్లాడు

ఆల్ఫ్రెడ్ 849 ప్రాంతంలో వాంటేజ్ అనే ఊళ్ళో పుట్టాడు. దాదాపు అదే కాలంలో మన అద్దంకిలో ఒక తెలుగు పద్యాన్ని రాతి మీద చెక్కారు. అంటే ఎంత పాత సంగతో చూడండి! అప్పటికి ఇంగ్లండ్ ఒకే దేశం కాదు, కొన్ని వేరువేరు రాజ్యాలు. దక్షిణాన ఉన్న వెసెక్స్ రాజ్యానికి ఆల్ఫ్రెడ్ వాళ్ళ నాన్న రాజు. ఆయన కొడుకుల్లో ఆల్ఫ్రెడే అందరికంటే చిన్నవాడు.

ఒకరోజు వాళ్ళమ్మ ఇంగ్లీషు పద్యాల పుస్తకం ఒకటి కొడుకులకు చూపించింది. దీన్ని ఎవరు ముందు నేర్చుకుంటే వాళ్ళకే ఇస్తానని చెప్పింది. ఆల్ఫ్రెడ్‌కు అప్పటికింకా చదవడం రాదు. కానీ అందంగా రాసిన మొదటి అక్షరం చూసి ముచ్చటపడ్డాడు. పుస్తకం పట్టుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు. గురువు చదువుతుంటే విని, పద్యాలు కంఠతా పట్టేశాడు. అన్నలకంటే ముందే అమ్మకు అప్పజెప్పి పుస్తకం గెలుచుకున్నాడు! ఆల్ఫ్రెడ్ పెద్దయ్యాక అతని దగ్గర పనిచేసిన ఆసర్ అనే పండితుడు ఈ సంగతి రాసిపెట్టాడు.

చిత్తడి నేలలో దాక్కున్న రాజు

ఆ రోజుల్లో వైకింగులు ఓడల్లో వచ్చి ఊళ్ళ మీద పడి దోచుకునేవాళ్ళు. 865లో వాళ్ళ పెద్ద సైన్యం దిగింది. చుట్టుపక్కల రాజ్యాలు ఒకదాని తర్వాత ఒకటి ఓడిపోయాయి. 871లో అన్న చనిపోవడంతో ఆల్ఫ్రెడ్ రాజయ్యాడు. అప్పుడతనికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో!

878 జనవరిలో, మంచి చలికాలంలో, గుత్రమ్ అనే వైకింగు నాయకుడు చిప్పెన్‌హామ్ మీద హఠాత్తుగా పడ్డాడు. ఆల్ఫ్రెడ్ కొద్దిమందితో తప్పించుకుని సోమర్సెట్‌లోని చిత్తడి నేలల్లోకి పారిపోయాడు. చుట్టూ నీళ్ళు, రెల్లు, బురద. అక్కడే ఎథెల్నీ అనే చిన్న దిబ్బ మీద తలదాచుకున్నాడు.

మీ బడిలో రొట్టెల కథ చెప్పారా? ఒక పల్లెటూరి ఆవిడ ఇంట్లో రాజు ఆలోచనలో పడి రొట్టెలు మాడ్చేశాడనీ, ఎవరో తెలియక ఆవిడ తిట్టిందనీ చెబుతారు. ఆ కథ ఆల్ఫ్రెడ్ చనిపోయాక చాలా ఏళ్ళకు రాసింది. అది నిజమని నమ్మలేం. కానీ రాజు అడవుల్లో, బురదలో దాక్కుని తిరిగింది మాత్రం నిజమే.

అతను అక్కడే ఉండిపోలేదు. ఎథెల్నీలో కోట కట్టించాడు, చుట్టుపక్కల మనుషుల్ని కూడగట్టాడు. అదే ఏడాది ఎడింగ్టన్ దగ్గర గుత్రమ్‌ను ఓడించాడు. గెలిచాక శత్రువును చంపలేదు, సంధి చేసుకున్నాడు. గుత్రమ్ క్రైస్తవుడయ్యాడు. ఆల్ఫ్రెడే అతనికి జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు! మళ్ళీ ఎవరూ హఠాత్తుగా మీద పడకుండా రాజ్యమంతా కోటలు కట్టించాడు.

మళ్ళీ పుస్తకాల దగ్గరికి

యుద్ధం సద్దుమణిగాక చూస్తే రాజ్యంలో చదువే తగ్గిపోయింది. మఠాలు తగలబడ్డాయి, పుస్తకాలు బూడిదయ్యాయి. లాటిన్ అర్థమయ్యేవాళ్ళు చాలా కొద్దిమందే మిగిలారు. ఆల్ఫ్రెడ్‌కు బెంగ పట్టుకుంది. కోటలు ఊళ్ళను కాపాడతాయి. మరి చదువును ఏది కాపాడుతుంది?

వేల్స్ నుంచి, సముద్రం అవతల నుంచి కూడా పండితుల్ని పిలిపించాడు. తానూ నలభై ఏళ్ళు దగ్గరపడుతుండగా లాటిన్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఇంచుమించు మీ నాన్నగారి వయసులో అన్నమాట! అందరూ తెలుసుకోవాల్సిన పుస్తకాల్ని ఇంగ్లీషులోకి మార్చే పని పెట్టుకున్నాడు. పోప్ గ్రెగరీ రాసిన ఒక పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చి బిషప్పులకు పంపించాడు. పిల్లలు ముందు ఇంగ్లీషు చదవడం నేర్చుకోవాలనీ, లాటిన్ ఆ తర్వాత నేర్చుకోవచ్చనీ అతని ఆలోచన. ఇది అందరు పిల్లలకూ దక్కలేదు. కాస్త కలిగిన ఇళ్ళవాళ్ళకే ఆ అవకాశం ఉండేది, బానిసల పిల్లలకు లేదు. అయినా ఇంటి భాషకు పుస్తకంలో చోటు దొరికింది.

ఎథెల్నీకి కొన్ని మైళ్ళ దూరంలో 1693లో ఒక చిన్న బంగారు వస్తువు దొరికింది. దీన్ని ఆల్ఫ్రెడ్ చేయించాడని దాని మీద పాత ఇంగ్లీషులో రాసి ఉంది. చదివేటప్పుడు అక్షరాల మీద పెట్టే పుల్లకు అది పిడి అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో మీరు దాన్ని చూడొచ్చు.

ఆల్ఫ్రెడ్ 899లో చనిపోయాడు. వించెస్టర్‌లో సమాధి చేశారు. ఇప్పుడు ప్రపంచమంతా చదువుతున్న ఇంగ్లీషును, అది ఇంకా ఇంటి భాషగా ఉన్న రోజుల్లోనే, పుస్తకాలకు తగిన భాష అని నమ్మిన మనిషి అతను.

కొత్త మాటలు
చిత్తడి నేల – ఎప్పుడూ నీళ్ళతో, బురదతో ఉండే నేల
కంఠతా పట్టడం – పుస్తకం చూడకుండా చెప్పగలిగేలా నేర్చుకోవడం
అప్పజెప్పడం – నేర్చుకున్నది పెద్దవాళ్ళకు చెప్పి వినిపించడం
తలదాచుకోవడం – ఆపదలో ఒకచోట ఆశ్రయం పొందడం

జవాబులు చెప్పండి
1. చదవడం రాని ఆల్ఫ్రెడ్ పద్యాలు ఎలా నేర్చుకున్నాడు?
2. ఓడిపోయిన గుత్రమ్‌తో ఆల్ఫ్రెడ్ ఎలా నడుచుకున్నాడు? మీరైతే ఏం చేసేవాళ్ళు?
3. రాజుకు లాటిన్ వచ్చాక కూడా ఇంగ్లీషు పుస్తకాలు ఎందుకు కావాలనుకున్నాడు?

చేసి చూడండి
అమ్మనో, తాతయ్యనో ఒక తెలుగు పద్యం చెప్పమనండి. ఆల్ఫ్రెడ్ లాగే విని విని కంఠతా పట్టండి. వచ్చే వారం క్లాసులో అప్పజెప్పండి.