కోలాచల మల్లినాథసూరి – పాఠశాల వెలుపలి విద్య

సంస్కృతకావ్యము చేతబట్టిన విద్యార్థి ఏ దేశమువాడైనను మొదట ఆశ్రయించునది మల్లినాథసూరి వ్యాఖ్యనే. రఘువంశము చదివినవారందరును ఆయన శిష్యులే యనుట అతిశయోక్తి కాదు. అయినను ఆ మహనీయుడు తెలుగువాడనియు, మంజీరాతీరమున పుట్టినవాడనియు మన విద్యార్థులలో పలువురెరుగరు. ఎరిగినవారికిని ఆయన జీవితమనగా వేపనూనె కథ యొక్కటియే జ్ఞప్తికి వచ్చును. ఆయన జీవితమున నిశ్చయముగా తెలిసిన అంశములను చెప్పి, ఆ కథ విలువ ఎట్టిదో విచారించి, పాఠశాలకు వెలుపల ఇంటను, పొలమునను, దారిలోను జరుగు విద్యకును ఆయన వ్యాఖ్యలకును గల సంబంధమును నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

దేశము – వంశము

కోలాచలమను ఇంటిపేరు గ్రామనామమునుండి వచ్చినది. ఆ గ్రామమే నేటి మెదక్ జిల్లాలోని కొల్చారము. మంజీరానది ఘనపురము ఆనకట్టను దాటి వాయవ్యముగా సాగి ఎల్లారెడ్డి ప్రాంతమున నిజాంసాగరము చేరుచున్నది. 1931లో ఆ జలాశయము పూర్తియైన పిదప నిజామాబాదు సీమ యంతయు వరికిని చెరకునకును నెలవైనది. 2016లో కామారెడ్డి ప్రత్యేక జిల్లా యగువరకు ఎల్లారెడ్డి, కామారెడ్డి తాలూకాలు నిజామాబాదు జిల్లాలోనివే. జిల్లాల సరిహద్దులు మారవచ్చును గాని నది మారలేదు. కావున ఈ రెండు ఊళ్ల వారికిని మల్లినాథుడు ఇరుగుపొరుగువాడు.

ఆయన పితామహుని పేరు కూడ మల్లినాథుడే. కాకతీయ ప్రతాపరుద్రునిచేత ఆయన కనకాభిషేక సత్కారము పొందినట్లు ఆ వంశీయుల గ్రంథములలో కలదు. మన వ్యాఖ్యాత కుమారులలో పెద్దవాడు పెద్దిభట్టు. రెండవవాడగు కుమారస్వామి విద్యానాథుని ప్రతాపరుద్రీయమునకు రత్నాపణమను వ్యాఖ్య వ్రాసి, అందు తన తండ్రిని, అన్నను భక్తితో పేర్కొన్నాడు. మల్లినాథుని కాలము క్రీస్తుశకము 14వ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి 15వ శతాబ్దపు పూర్వార్ధము వరకని పరిశోధకులు సాధారణముగా అంగీకరించినారు.

ఈ కాలమును గూర్చి ఒకింత ఆలోచింపవలెను. 1323లో ఓరుగల్లు పడినది. కాకతీయుల సభ చెదరినది. తాతగారిని బంగారముతో అభిషేకించిన సింహాసనమే లేకపోయినది. రాజాశ్రయముతోనే విద్య నిలుచుననుట సత్యమైనచో, ఆ వంశమున విద్య ఆనాటితో అంతరింపవలసినది. కాని అంతరింపలేదు. మనుమడు మహామహోపాధ్యాయుడైనాడు, మునిమనుమడు అలంకారశాస్త్రమున వ్యాఖ్యాత యైనాడు. సభ పోయినను ఇల్లు మిగిలినది. తండ్రి చెప్పుట, కొడుకు వినుట మిగిలినది. మల్లినాథుని జీవితమునుండి మనము గ్రహింపవలసిన మొదటి పాఠమిది.

వేపనూనె కథ

లోకమున వాడుకలోనున్న కథ ఇట్టిది. మల్లినాథుడు బాల్యమున మందబుద్ధి. వివాహమైన పిదప అత్తవారింట పరాభవము పొంది, సిగ్గుతో ఇల్లువిడిచి దూరదేశమున ఒక గురువును చేరినాడు. గురువు అతని పట్టుదలను చూచి, అతని అన్నములో నేతికి బదులు వేపనూనె వడ్డింపుమని భార్యకు చెప్పినాడు. చదువులో మునిగిన శిష్యునకు రుచి తెలియలేదు. సంవత్సరములు గడచినవి. ఒకనాడు ముద్ద నోటబెట్టి చేదుగా నున్నదనినాడు. అంతట గురువు, విద్య పూర్తియైనదని చెప్పి అతనిని ఇంటికి పంపినాడు.

దీనిని చరిత్రగా గ్రహించుటకు ఆధారము లేదు. తరతరముల పండితవంశమున పుట్టినవాడు అక్షరము రాక దేశాంతరము పోయెననుట సంభావ్యముగ తోచదు. మూఢుడు పండితుడైన కథలు మనకు కొత్తవి కావు. కాళిదాసు విషయమున అట్టి కథ యున్నది. వోపదేవుడు బావిగట్టున కుండలు పెట్టి పెట్టి రాయి అరిగియుండుట చూచి, అభ్యాసముచే తన బుద్ధియు అరుగకపోవునా యని మరల చదువునకు మరలెనని మరియొక కథ. ఆధారము లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని చెప్పననియు ప్రతిజ్ఞ చేసిన మల్లినాథుని చరిత్రను వ్రాయునపుడు మనమును ఆ నియమమును పాటింపవలెను గదా.

అయినను కథ నిరాధారమైనంత మాత్రమున నిరర్థకము కాదు. సంజీవని అవతారికలో మల్లినాథుడు తాను కాళిదాసుని మూడు కావ్యములను వ్యాఖ్యానించుట మందబుద్ధులను అనుగ్రహించుటకే యని స్పష్టముగా చెప్పుకొన్నాడు. పండితులను మెప్పించుటకని చెప్పలేదు; ప్రతివాదులను గెలుచుటకని చెప్పలేదు. కాణాద, అక్షపాద శాస్త్రములను, మహాభాష్యమును మథించినవాడు, అలవోకగా చదువు పట్టుబడని పిల్లవానిని ఎదుట కూర్చుండబెట్టుకొని వ్రాసినాడు. ఆ పిల్లవాని కష్టమును ఇంతగా ఎరిగినవాడు తానును ఒకనాడు అట్టివాడై యుండునని లోకము ఊహించినది కాబోలు. అతని కరుణకు తగిన బాల్యమును లోకము అతనికి కల్పించియిచ్చినదని నా అభిప్రాయము. మరియు ఆ కథలో పరీక్ష జరిగినది పాఠశాలలో కాదు, భోజనపు విస్తరి ముందర. విద్య ఎంతవరకు వచ్చినదో తెలిపినది శ్లోకము కాదు, నాలుక. విద్యను నిత్యజీవితమునుండి వేరు చేయరాదని మన పెద్దలు ఇంతకంటె సులభముగా చెప్పలేరు.

వ్యాఖ్యల పేరులు – లోకదృష్టి

మల్లినాథుడు తన గ్రంథములకు పెట్టిన పేరులను వరుసగా చూచినచో ఆయన దృష్టి తెలియును. రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశములకు సంజీవని. ప్రాణము నిలుపు ఓషధి. దుర్వ్యాఖ్యల విషముచే మూర్ఛిల్లిన కాళిదాసవాణిని ఇది బ్రతికించునని ఆయన భావము. నైషధమునకు జీవాతువు, అదియు బ్రతికించు మందే. కిరాతార్జునీయమునకు ఘంటాపథము, ఏనుగులు గంటలు మ్రోగించుకొనుచు నడచు రాజమార్గము. భట్టికావ్యమునకు సర్వపథీనము, అన్ని దారులను వ్యాపించునది. వరదరాజుని తార్కికరక్షకు నిష్కంటకము, ముండ్లు ఏరివేసినది. శిశుపాలవధకు సర్వంకషము, అంతటిని ఒరసి చూచునది. విద్యాధరుని ఏకావళికి తరళము. హారము నడుమ మణి.

మందు, దారి, ముల్లు, ఒరపు, మణి: ఇవి అన్నియు వీధిలోను ఇంటిలోను కనబడునవే. భారవి వాక్కును ఆయన టెంకాయతో పోల్చి, తాను దానిని పగులగొట్టి యిచ్చెదననియు, లోపలి రసమును రసికులు తమ యిచ్చవచ్చినట్లు ఆస్వాదింపవచ్చుననియు అన్నాడు. టెంకాయ కొట్టుట ఎరుగని తెలుగుబిడ్డ లేడు. తనకు పూర్వము దక్షిణావర్తనాథాదులు నడచిన బాటలోనే తానును కొంత చోటు సంపాదించుకొందునని చెప్పునప్పుడును ఆయనకు తోచినది బాటయే.

లోకవ్యవహారమున ఆయనకుగల ప్రవేశమునకు వైశ్యవంశసుధాకరము మరియొక నిదర్శనము. వర్తకజాతుల హక్కులను గూర్చియు, వైశ్యశబ్దమునకును దాని పర్యాయపదములకును ఎవరు అర్హులను దానిని గూర్చియు వివాదము చెలరేగగా, విజయనగర ప్రభువగు దేవరాయల ఆజ్ఞచే విచారించి ఇచ్చిన నిర్ణయమది. నిఘంటువులోని పదమునకు అంగడిలో ఏమి అర్థమో తేల్చవలసిన పని అది. గ్రంథమాత్ర పండితునకు అట్టి పని అప్పగింపరు.

కావ్యహేతువులను చెప్పిన మమ్మటుడు ప్రతిభతోపాటు వ్యుత్పత్తిని, అభ్యాసమును గ్రహించినాడు. ఆ వ్యుత్పత్తికి మూలములైన వానిలో ఆయన మొదట చెప్పినది లోకమును. శాస్త్రము, కావ్యము తరువాతివి. కవికి కావలసినదే వ్యాఖ్యాతకును కావలెనని మల్లినాథుడు తన గ్రంథములచే నిరూపించినాడు.

గురువు లేనివానికి గురువు

ఆయన వ్యాఖ్యాన పద్ధతి మనకందరకును పరిచితమే. పదములను అన్వయక్రమమున నిలుపుట, ప్రతిపదమునకు అర్థము చెప్పుట, సమాసమునకు విగ్రహము చూపుట, కావలసినచోట పాణినీయ సూత్రమును, అమర, విశ్వ, హలాయుధాది కోశములను ఉదాహరించుట, తుదకు అలంకారమును తెలుపుట. అంతా అన్వయముఖముననే. ఇందు ఒక విశేషమున్నది. ఎవడు? ఏమి చేసెను? ఎట్టివాడు? ఎందుకు? అని గురువు అడుగవలసిన ప్రశ్నలకు వ్యాఖ్యలోని క్రమమే సమాధానము. గురువు దూరముగానున్న విద్యార్థి కూడ కొంత వ్యాకరణము, కొంత అమరము వచ్చినచో ఒంటరిగా కూర్చుండి కావ్యమును దాటగలడు. విద్యలో నాల్గవవంతు మాత్రమే గురువువలన వచ్చుననియు, తక్కినది స్వబుద్ధి, సహాధ్యాయులు, కాలము పూరింతురనియు పెద్దల మాట. ఆ తక్కిన ముప్పాతికకు మల్లినాథుడు తోడు నిలిచినాడు.

ఒక ఉదాహరణము చూతము. రఘువంశ చతుర్థసర్గమున శరత్కాల వర్ణనలో, వరిచేలకు కావలియున్న స్త్రీలు చెరకునీడను కూర్చుండి రఘుమహారాజు కీర్తిని పాడుచుందురని కవి చెప్పినాడు. అచట ఛాయాశబ్దము సమాసమున నపుంసకలింగమగుటకు మల్లినాథుడు సూత్రము చూపినాడు. నీడనిచ్చు వస్తువులు పెక్కులైనప్పుడే ఆ సూత్రము ప్రవర్తించును. తరగతిలో ఈ బాహుల్యమను పదము వట్టి నియమము. చెరకుతోట గట్టున నిలిచినవానికి అది కంటికి కనబడు సత్యము: ఒక్క చెరకుగడకు నీడ యెక్కడిది? పలుగడలు కూడినప్పుడే మనిషి కూర్చుండదగిన నీడ ఏర్పడును. అదే సర్గమున వంగదేశపు రాజులను రఘువు పెరికి మరల నిలుపగా, వారు నారుపీకి నాటిన వరివలె వంగి, ఫలములతో ఆతని వృద్ధిపొందించిరని ఉపమ. నాట్లు చూచిన ఎల్లారెడ్డి బాలునకు ఈ ఉపమకు వ్యాఖ్య అక్కరలేదు. చూడని నగర విద్యార్థికి ఎంత వ్యాఖ్యయు చాలదు. శాస్త్రము, సేద్యము ఒకదానికొకటి వ్యాఖ్యలగుట ఇచ్చటనే.

ఈ సీమలో ఆ విద్య

నిజాం రాజ్యమున పాలనాభాష, పాఠశాలల బోధనాభాష ప్రధానముగా ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే జరిగినది. అట్టి కాలమున తెలంగాణ గ్రామములలో తెలుగు, సంస్కృతములు చాలవరకు నిలిచినది ఇంటి అరుగులపైన, గుడి మండపములలోను. పురోహితుల ఇండ్లలో బాలురు వేకువజామున లేచి శబ్దములు, అమరము వల్లించి, పిదప రఘువంశమునకు కూర్చుండుట తెలుగునాట అంతటను ఉన్న ఆచారము. పగలు తండ్రివెంట వ్రతములకు, శ్రాద్ధములకు పోవుట, దారిలో అప్పగించుట, తప్పినచోట తండ్రి నిలిచి దిద్దుట, ఇదియే తరగతి. 1854లో మద్రాసున స్థాపితమైన వావిళ్లవారి ముద్రణాలయము మల్లినాథవ్యాఖ్యతో కావ్యములను తెలుగులిపిలో ప్రకటించుటచే, నాగరలిపి రానివారికిని ఆ విద్య అందినది.

పండితుల ఇండ్లలోనే కాదు. కామారెడ్డి సమీపమునగల దోమకొండ ప్రభువులలో కామినేని మల్లారెడ్డి షట్చక్రవర్తి చరిత్రమును రచించిన కవి. ఏలికల లోగిళ్లలో పురాణశ్రవణము, కవిగోష్ఠి నిత్యకృత్యములైయుండుటచేతనే అట్టి కవిత్వము పండినది. వినుట కూడ చదువే యని ఆ తరముల వారెరుగుదురు.

నేడు మన కర్తవ్యము

ఓరుగల్లు పతనము తరువాత విద్యను నిలిపిన ఇల్లు నేడు బలహీనమైనది. అరుగులు పోయినవి. మన కళాశాలలకు వచ్చు విద్యార్థి ఇంట సంస్కృతము వినినవాడు కాడు. వ్యాఖ్యను విడిచి, పరీక్షకు కావలసిన నాలుగు శ్లోకముల అనువాదముతో తృప్తిపడుచున్నాడు. ఇది వాని దోషమని నేననను. మందులను అనుగ్రహించుటకే వ్రాసెనని చెప్పుకొన్న వ్యాఖ్యాతను మనము పండితులకు మాత్రమే పనికివచ్చువానినిగా చేసి పెట్టినాము. వ్యాఖ్యను ప్రశ్నపత్రమునుండి విడిపించి విద్యార్థి చేతిలో పెట్టవలెను. వారమున కొన్ని పంక్తులైనను తానుగా అన్వయించుకొనునట్లు చేయవలెను. చతుర్థసర్గము చెప్పునపుడు సాధ్యమైనచో ఒకపూట పొలము గట్టునకు తీసికొనిపోవలెను.

మల్లినాథుని పుట్టుక తేదీ మనకు తెలియదు. దేహము చాలించిన తేదీయు తెలియదు. ఆయన నడపిన పాఠశాల ఏదియు నిలువలేదు. అయినను ఆరు శతాబ్దములుగా ఆయన శిష్యపరంపర తెగలేదు. విద్యార్థి ఎచ్చట వ్యాఖ్యను విప్పి, ఎవడు, ఏమి చేసెనని తన్ను తాను ప్రశ్నించుకొనునో అదియే కోలాచలము. ఆ ప్రశ్నను ఆగనీయకుండుటయే ఆయనకు మనము తీర్పదగిన ఋణము.