రాకెట్ పడిపోతే మైకు ముందుకొచ్చారు.. గెలిస్తే పక్కకు తప్పుకున్నారు! ఎవరీ సతీష్ ధవన్?

శ్రీహరికోటలో రాకెట్ లేచిన ప్రతిసారీ ఆదోని బస్టాండ్‌లోనో, ఎమ్మిగనూరు టీ కొట్టు దగ్గరో ఫోన్‌లో లైవ్ చూస్తుంటాం. 2023లో చంద్రుడి మీద తిరిగిన ప్రజ్ఞాన్ అనే చిన్న రోబో బండి కూడా అక్కడి నుంచే బయల్దేరింది. ఆ కేంద్రం పేరు సతీష్ ధవన్ స్పేస్ సెంటర్. యాంకర్ చదువుతారు, మనం విని వదిలేస్తాం. ఇంతకీ ఎవరాయన?

తెలుగాయన కాదు. 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివి, ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ చేసి, ఆపైన మెకానికల్ ఇంజినీరింగ్ కూడా పూర్తి చేశారు. ఈ కాంబినేషన్ ఇప్పుడు ఏ కౌన్సెలింగ్‌లోనూ దొరకదు! అమెరికాలోని కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ అయ్యాక 1951లో బెంగళూరు ఐఐఎస్సీలో చేరి, 1962లో దానికే డైరెక్టర్ అయ్యారు. 1971 చివర్లో విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా చనిపోవడంతో మరుసటి ఏడాది ఇస్రో బాధ్యత ఈయన చేతికొచ్చింది.

ఇక్కడ మన పక్కనే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు నాసా శాటిలైట్ సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఇస్రో టీవీ చూపించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలున్నాయి, మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే వచ్చే రాయచూర్ జిల్లా పల్లెలూ ఉన్నాయి. టీవీ సెట్లు హైదరాబాద్ ఈసీఐఎల్‌లో చేశారు. డిష్ ఏంటంటే కోళ్లకు కట్టే ఇనుప జాలీ! సాయంత్రమైతే ఊరంతా కూర్చుని వ్యవసాయం, ఆరోగ్యం గురించి తెలుగులో, కన్నడలో చూసేవారు. ఏడాది తిరిగేసరికి శాటిలైట్ వెళ్లిపోయింది. అరువు సొమ్ము కదా.

సొంత శాటిలైట్‌ను సొంత రాకెట్ మీద పంపాలి. ఆ పనిలో ఉన్నవారే అబ్దుల్ కలాం. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 లేచింది. ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఆగమని చూపించినా, నిపుణుల మాట విని తానే ముందుకెళ్లానని కలాం తర్వాత చాలా సభల్లో చెప్పుకున్నారు. రెండో దశలో కంట్రోల్ దెబ్బతింది. ఐదు నిమిషాలకే రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఏళ్ల కష్టం నీళ్లపాలు.

ప్రెస్‌మీట్ పెట్టాలి. తప్పెవరిదని విలేకరులు అడుగుతారు, డబ్బంతా సముద్రంలో పోశారంటారు. కలాం తల ఎత్తే స్థితిలో లేరు. ధవన్ ఆయన్ని మాట్లాడనివ్వలేదు. తానే మైకు ముందు కూర్చున్నారు. సంస్థ బాధ్యత తనదన్నారు, తన టీమ్ మీద నమ్మకం ఉందని, ఏడాదిలో గెలిచి చూపిస్తారని చెప్పారు. 

1980 జులై 18. అదే ఎస్ఎల్‌వీ-3 ఈసారి 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. దేశమంతా పండగ. మళ్లీ ప్రెస్‌మీట్. ఈసారి ధవన్ మాట్లాడమని కలాంకే చెప్పారు. మన దగ్గర సాధారణంగా ఇది తలకిందులుగా జరుగుతుంది, ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

1984లో ఇస్రో నుంచి తప్పుకున్నారు. శ్రీహరికోట పక్కనే పులికాట్ సరస్సు, అక్కడికొచ్చే పక్షులంటే ఈ విమానాల ప్రొఫెసర్‌కి మహా ఇష్టం. అవి ఎలా ఎగురుతాయో గమనించి ఏకంగా పుస్తకమే రాశారు. 2002 జనవరి 3న బెంగళూరులో కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో షార్‌కి ఆయన పేరు పెట్టారు.